చీమ కుట్టినట్టు ఉండదు

నేను ఎక్కువసార్లు ఆడిన అబద్ధం

చర్మవ్యాధుల డాక్టరుగా ముప్పయ్యేళ్లకు పైగా పనిచేశాను. రేపల్లెలో మొదలుపెట్టి, కొంతకాలం బాపట్లలో, చివరికి తెనాలిలో. అందులో మొదటి ఇరవై ఏళ్లూ నేను లెక్కలేనంతమందికి చెప్పిన అబద్ధం ఒకటుంది. "చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే."

పులిపిరి కాల్చాలన్నా, కొవ్వు గడ్డ తీయాలన్నా, పరీక్షకి చిన్న ముక్క కోయాలన్నా ముందు అక్కడ మొద్దుబారడానికి మందు ఎక్కిస్తాం. అది పనిచేశాక కోసినా తెలియదు. అసలు బాధంతా ఆ మందెక్కే అర నిమిషంలోనే ఉంటుంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను లేజర్ల గురించి అడుగుతున్నారు. వాటి సంగతి నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది ఆ అర నిమిషం గురించే, కాబట్టి అదే రాస్తున్నాను.

రేపల్లెలో ఒకసారి ఒక ఆటో డ్రైవరుకి మెడ వెనక గడ్డ తీశాను. అలవాటుగా చీమ మాట చెప్పి, అలవాటుగా సూది గుచ్చాను. అంతా అయ్యాక అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ చాలా మర్యాదగా అడిగాడు.

"మేడమ్, తప్పుగా అనుకోకండి. అది ఏ ఊరి చీమండి?"

నర్సులు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వేసి ఊరుకున్నాను, అదే నా తప్పు. ఆ రోజు ఇంటికెళ్లి కాస్త బుర్ర పెట్టి ఆలోచించి ఉంటే, ఆ తర్వాతి నెలలో కోటమ్మకి నా చేతుల్లో జరిగింది జరిగేది కాదు.

పెద్ద డాక్టరు గారి గడియారం

కోటమ్మ సంగతికి ముందు మా పెద్ద డాక్టరు గారి గురించి చెప్పాలి. రేపల్లెలో నేను చేరింది ఆయన నడిపే చిన్న నర్సింగ్ హోమ్‌లో. ఆయన సర్జన్. ఆయన వేసిన కుట్లు చూస్తే ముచ్చటేసేది. పేదవాళ్లని కసురుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నా చేతికి ఈ మాత్రం పని వచ్చిందంటే ఆయన చలవే. కానీ రోగి నొప్పి తన పని కాదని ఆయన నమ్మకం. సూది గుచ్చి, మందంతా ఒక్క తోపులో ఎక్కించి, తలెత్తి గోడ గడియారం చూసుకునేవారు.

చేరిన కొత్తలో నేను కాస్త నెమ్మదిగా ఎక్కిస్తుంటే వెనకాల వచ్చి నిలబడ్డారు.

"ఏంటమ్మా, మందెక్కిస్తున్నావా, ముగ్గేస్తున్నావా?"

"నొప్పి అంటున్నాడండి."

"అర నిమిషం నొప్పికి నువ్వు ఐదు నిమిషాలు తీసుకుంటే బయట కూర్చున్నవాళ్ల సంగతేంటి? వాళ్లూ మనుషులే కదా."

ఆ మాట నాకు సబబుగానే తోచింది. వరండా నిండా జనం, పొద్దుటి బస్సుకొచ్చి మధ్యాహ్నం బస్సుకి వెళ్లాల్సినవాళ్లు. నేనూ ఒక్క తోపులో ఎక్కించడం నేర్చుకున్నాను. ఇరవై ఏళ్లు అలాగే గడిచిపోయాయి. నా చేయి చురుకు అని పేరు కూడా వచ్చింది. ఆ పేరు విని నేను మురిసిపోయేదాన్ని, దాచుకోవడం ఎందుకు.

పర్లేదండి

కోటమ్మది భట్టిప్రోలు దగ్గర పల్లె. యాభై దాటిన మనిషి, వ్యవసాయ కూలి. నాట్లు, కలుపు, కోత, ఏడాదిలో సగం రోజులు కాళ్లు బురదలోనే. కుడి అరికాల్లో ఆమెకి కందిగింజంత నల్లమచ్చ. కోసిన చేలో వరి కొయ్యకాలు గుచ్చుకుని లోపల విరిగిందనుకుంది. పిన్నీసుతో కెలుక్కుంది. ఏమీ రాలేదు, మచ్చ మాత్రం పెరిగింది.

ఆ మచ్చ చూడగానే నాకు నచ్చలేదు. అంచులు అడ్డదిడ్డంగా ఉన్నాయి, ఒకచోట కారునలుపు, పక్కనే బూడిద రంగు. మన వాళ్లకి చర్మం మీద నల్లమచ్చ క్యాన్సర్ అరుదు. వస్తే మాత్రం ఎవరూ చూడని చోటుకే వస్తుంది, అరికాలికో గోటి కిందకో. తొందరగా పట్టుకుంటే కోసేసి బతికించవచ్చు. ఆలస్యమైతే చేతులెత్తేయాల్సిందే. ముక్క తీసి పరీక్షకి పంపాలి అన్నాను. ఆమె సరేనంది.

ఆమె అరికాలు చెప్పు అట్టలా గట్టిగా ఉంది. ఇంత మందం చర్మానికి సూది ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. అది వట్టి తెలివితక్కువ ఆలోచన. మందపాటి చర్మంలో మందు పరుచుకోవడానికి చోటుండదు, లోపల ఒత్తిడి పెరిగి ప్రాణం తోడేస్తుంది. చీలమండ లోపలివైపు, పల్చటి చర్మం కింద ఒక నరం ఉంది. అక్కడ ఒక్క సూది వేసి పావుగంట ఆగితే అరికాలు చాలావరకు మొద్దుబారుతుంది. ఆ సంగతి నాకు చదువుకునే రోజుల నుంచీ తెలుసు. పావుగంట ఎవరు ఆగుతారని మానేశాను. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన చల్లటి మందు, లావుపాటి సూది, నేరుగా అరికాల్లోకి గుచ్చాను.

"నొప్పిగా ఉందా కోటమ్మా?"

"పర్లేదండి."

మా వైపు మనుషులకి మర్యాద ఎక్కువ. నొప్పి అని చెబితే డాక్టర్ని తప్పుపట్టినట్టని భయం. పెళ్లి భోజనంలో ఉప్పు ఎక్కువైనా పర్లేదండి అంటారు, గుంటూరు దాకా బస్సులో నిలబడి వెళ్లొచ్చినా పర్లేదండి అంటారు. ఆ మాటకి అసలు అర్థం ఏమిటో ఇక్కడే పుట్టి పెరిగిన నాకు తెలియకపోవడం ఏమిటి? తెలుసు. అయినా నమ్మేశాను. నమ్మితే నాకు సుఖం కాబట్టి నమ్మాను. మిగతా మందు ఒక్క తోపు తోశాను.

కాలు విసురుగా లాక్కుంది. సూది వంగిపోయింది. బయట జనం ఎదురుచూస్తున్నారని నా తొందర నాది. ఇద్దరు ఆయాలని పిలిచి కాలు నొక్కిపట్టించి, హడావుడిగా ఒక ముక్క తీసి, ఒక కుట్టు వేశాను. ఆమె అరవలేదు. పంటి బిగువున ఓర్చుకుంది. లేచాక చూస్తే నోట్లో కుక్కుకున్న చీర కొంగు పళ్ల చోట చిరిగి ఉంది. దాన్ని నడుముకి దోపుకుని, నాకు దండం పెట్టి, కుంటుకుంటూ వెళ్లిపోయింది.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. ముక్క మరీ పైపైన ఉంది, దీంతో ఏమీ చెప్పలేం, లోతుగా తీసి మళ్లీ పంపండి అని రాశారు. కోటమ్మ కుట్టు విప్పించుకోవడానికి కూడా రాలేదు. రెండుసార్లు ఫోన్ చేయించాను. "వస్తానండి" అంది. రాలేదు. ఆ పల్లె మీదుగా తిరిగే ఆటో అతను ఎవరా అని చూస్తే చీమ సంగతి అడిగినతనే. అతనితో కబురు పంపాను.

"నాట్లయ్యాక వస్తదంటండి. ఇప్పుడు పనులంటండి" అని వచ్చి చెప్పాడు.

నాట్లు అవ్వాలంటే ఇంకా రెండు నెలలు. ఆ మచ్చ నేను భయపడ్డదే అయితే ఆ రెండు నెలల్లో అది ఎంత లోతుకి దిగుతుందో ఎవరూ చెప్పలేరు. ఆమెని బతికించడానికి తీయాల్సిన ముక్క నా దగ్గర లేదు, ఆమె రాకపోవడానికి కారణం మాత్రం నా దగ్గరే ఉంది.

కాలివేళ్లు నవ్వవు

ఆ రోజుల్లోనే వారానికి రెండు రోజులు బాపట్లలో ఒక క్లినిక్‌కి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడి నర్సు పేరు ఖైరున్నీసా. బాపట్లలో పుట్టి పెరిగిన మనిషి, వాళ్ల నాన్న టైలరు. ఎంతటివాళ్లనైనా మొహం మీదే అడిగేస్తుంది. మొదటి రోజే మా ఇద్దరికీ తగువైంది.

వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే పనికి వెళ్లే ఒకామె వేలిమీద పులిపిరితో వచ్చింది. నేను సూదిలోకి మందు తీయబోతుంటే ఖైరున్నీసా చెయ్యి చాపింది.

"మేడమ్, ఆ సీసా ఒక్క నిమిషం ఇటివ్వండి."

ఇచ్చాను. పిడికిట్లో పెట్టుకుని నిలబడింది.

"ఏంటి సిస్టర్ ఇది?"

"మందు చల్లగా ఉందండి. ఒంటి వేడికి రానివ్వండి."

నాకు కోపం ఎక్కువ. మూడు ఊళ్లలో ఎవర్నడిగినా చెబుతారు. "నాకు పని నేర్పుతున్నారా?" అన్నాను.

"నేర్పట్లేదండి. మీరు గుచ్చేటప్పుడు మొహం చూస్తారు, పొద్దున్నుంచీ గమనించాను. మొహం మర్యాదకి నవ్వుద్దండి. కాలివేళ్లు చూడండి, అవి నవ్వవు."

చూశాను. రోగి మొహం నా వైపు తిరిగి నవ్వుతూనే ఉంది. కాలివేళ్లు మాత్రం పదీ లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. సూది ఇంకా ఆమెని తాకనే లేదు. ఇరవై ఏళ్లలో ఎన్ని జతల కాళ్లు నా ముందు అలా ముడుచుకున్నాయో అనిపించింది.

ఆ రోజు నుంచి ఖైరున్నీసా దగ్గర నేను మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. అంతకుముందు ఆమె పనిచేసిన చోట ఒక ముసలి డాక్టరు ఆమెకి కొన్ని చెప్పారట, కాలివేళ్ల సంగతి మాత్రం ఆమె సొంతం. మొద్దుబార్చే మందులో పులుపు ఉంటుంది, పుండు మీద చింతపండు రసం పడ్డట్టు మండేది అందుకే. పది పాళ్ల మందుకి ఒక పాలు సోడా బైకార్బొనేట్ ఇంజక్షన్ అప్పటికప్పుడు కలిపితే ఆ మంట చాలావరకు పోతుంది. ఇది పుస్తకంలో చదివాను, చేయలేదు. షుగరు వాళ్లు వాడే సన్నటి సూది చాలు. గుచ్చే చోటు పక్కన చర్మాన్ని గిల్లి పట్టుకుని కదుపుతుంటే ఒంటికి సూది కంటే ఆ గిల్లుడే ఎక్కువ తెలుస్తుంది. ముందు ఒక్క చుక్క ఎక్కించి ఆగాలి. మొద్దుబారిన చోటు నుంచే తర్వాతి మందు ఎక్కించుకుంటూ పోవాలి, కొత్త చోట మళ్లీ గుచ్చకూడదు. అన్నిటికంటే ముఖ్యం నెమ్మది. మన వేలికి ఇది మరీ నెమ్మది అనిపిస్తుందే, అందులో సగం వేగమే సరైన వేగం.

ఖైరున్నీసా ఇంకొకటి చేసేది. రోగిని కబుర్లలో పెట్టేది. ఊరికే మాట్లాడటం కాదు, జవాబు చెప్పక తప్పని ప్రశ్న అడిగేది. "అక్కా, రొయ్యల్లో చింతచిగురు ముందేస్తావా, రొయ్యలు వేగాకా?" అంటే ఎంత నొప్పిలో ఉన్నా ఆ పక్షమో ఈ పక్షమో చెప్పకుండా ఉండగలిగినవాళ్లు మా జిల్లాలో లేరు.

నెల తిరక్కుండానే ఆమెకి కోటమ్మ సంగతంతా చెప్పుకున్నాను. చీర కొంగుతో సహా. ఆమె విని, "ఫోన్లకి రారండి. తప్పు మనది కదా, మనమే వెళ్లాలి" అంది.

మచ్చ ఏమీ అనలేదు

ఆదివారం మధ్యాహ్నం భట్టిప్రోలులో బస్సు దిగి, మన చీమ డ్రైవరు ఆటోలోనే కోటమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె వంట ముగించుకుని అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి కంగారుగా లేచి కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది.

"కాలెలా ఉంది కోటమ్మా?"

"పర్లేదండి."

"ఆ మాట వద్దు. మర్యాదకి చెప్పకండి. ఎందుకు రాలేదో ఉన్నదున్నట్టు చెప్పండి."

ఆమె గ్లాసు నా చేతిలోంచి తీసుకుని కిందపెట్టి, అప్పుడంది.

"ఆ మచ్చ నన్నెప్పుడూ ఏమీ అన్లేదు డాక్టరమ్మ గారూ. నొప్పి పెట్టింది మీరే."

నాకు తల కొట్టేసినట్టయింది. పెద్ద డాక్టరు గారు తిట్టినప్పుడు కూడా నాకంత సిగ్గు వేయలేదు. తప్పు నాదే అన్నాను. రోగి ముందు ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆ మచ్చ క్యాన్సర్ కావచ్చని, ఇప్పుడు తీస్తే కాలూ మనిషీ దక్కుతాయని, ఆగితే చెప్పలేనని కూడా దాచకుండా చెప్పాను. ఆమె భయపడింది. అయినా ఆమె అడిగింది మాత్రం సూది గురించే.

"మళ్లీ చీమేనా అండి?"

"కాదు. సూది గుచ్చినట్టే ఉంటుంది, ఒక్కసారి. అదీ అరికాల్లో కాదు, ఇక్కడ" అని చీలమండ చూపించాను. "ఆ తర్వాత ఎప్పుడు నొప్పి అనిపించినా చెయ్యెత్తండి. ఆపేస్తాను."

"ఆపుతారా?"

"ఆపుతాను."

"మనుషుల్ని పెట్టి పట్టుకోరుగా?"

"ఎవరూ పట్టుకోరు. ఈసారి బాపట్లలో చేద్దాం, మంగళవారం రండి."

ఆమె తన కాలు వంక చూసుకుంది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "బాపట్లకి పొద్దున బస్సెన్నింటికండి?" అని ఆటో అతన్ని అడిగింది.

ఎత్తిన చెయ్యి

మంగళవారం చెప్పిన వేళకి వచ్చింది. ఖైరున్నీసా అప్పటికే మందు కలిపి పిడికిట్లో పట్టుకుని ఉంది. చీలమండ తుడిచి, సూది దగ్గరికి తెచ్చాను. తాకకముందే కోటమ్మ చెయ్యెత్తింది.

ఆపాను. సూది వెనక్కి తీశాను. ఆమె నన్ను చూసింది, చెయ్యి దించింది. మళ్లీ దగ్గరికి తెచ్చాను. మళ్లీ ఎత్తింది. మళ్లీ ఆపాను. నొప్పి లేదని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. నా మాట ఎంతవరకు నిలుస్తుందో చూసుకుంటోంది. పాత నేనైతే ఈపాటికి కసిరి ఉండేదాన్ని.

"సాయంత్రం దాకా ఎత్తు పిన్నీ, మాకేం తొందర్లేదు" అంది ఖైరున్నీసా, చీలమండ పక్కన చర్మం గిల్లి కదుపుతూ. "అది సరే గానీ, గోంగూర పచ్చట్లోకి ఎండుమిరపకాయలా, పచ్చిమిరపకాయలా?"

"ఎండువే. పచ్చివెవరేస్తారు" అంది కోటమ్మ.

ఆ మాట మీద ఒక్క చుక్క ఎక్కించాను. ఆగాను. ఇంకాస్త ఎక్కించాను. మధ్యలో ఒకసారి నిజంగానే చెయ్యెత్తింది, ఆగి, తగ్గిందన్నాకే మొదలుపెట్టాను. పావుగంట కూర్చున్నాం. ఆ పావుగంటలో వాళ్లిద్దరూ పచ్చడి గురించి ఒక మాట మీదకి రాలేదు. తర్వాత మచ్చని చుట్టూ అంచుతో సహా లోతుగా తీశాను. నేను మొహం చూడలేదు. మొద్దుబారని ఎడమకాలి వేళ్లు చూశాను. నిద్రపోయే మనిషి వేళ్లలా వాలిపోయి ఉన్నాయి.

ఈసారి రిపోర్టు తేల్చి చెప్పింది, క్యాన్సరే. ఇంకా పై పొర దాటలేదు. గుంటూరులో పెద్ద ఆపరేషన్ చేసి, తొడ మీద చర్మం తెచ్చి అరికాలికి అతికారు. అక్కడికి వెళ్లేముందు కోటమ్మ నన్ను అడిగింది ఒకటే, వాళ్లకి కూడా చెయ్యెత్తే సంగతి చీటీ రాసివ్వమని. రాసిచ్చాను.

తెనాలి

ఆ తర్వాత తెనాలిలో సొంత క్లినిక్ పెట్టుకున్నాను. ఖైరున్నీసాని రమ్మంటే బాపట్ల వదిలి రానంది. ఆమె నేర్పింది మాత్రం వచ్చింది. రోజుకి చూసే మనుషులు కాస్త తగ్గారు, ఆరింటికి ఇంటికెళ్లేదాన్ని ఏడింటికి వెళ్లాను. నష్టం అంతకుమించి లేదు. పైన రాసుకునే మత్తు క్రీములు వచ్చాయి కదా మేడమ్ అని ఈమధ్య ఒక కుర్ర డాక్టరమ్మాయి అంది. వాడండి. గంట ఆగాలి, అరికాలి లాంటి చోట పెద్దగా పనిచేయదు, అది గుర్తుంచుకోండి. క్రీము ఉంది కదా అని చెయ్యి వేగం పెంచకండి.

పెద్ద డాక్టరు గారు పెద్దవారయ్యాక ఒకసారి తలమీద గడ్డ తీయించుకోవడానికి నా దగ్గరికే వచ్చారు. నేను ఎక్కిస్తున్నంతసేపూ అలవాటు చొప్పున గోడ గడియారం వెతుక్కున్నారు. అంతా అయ్యాక లేచి కూర్చుని అన్నారు.

"ఇలా కూడా ఎక్కించొచ్చన్నమాట. మరి అంతమందిలో ఒక్కళ్లూ నాకు నొప్పని చెప్పలేదేంటమ్మా?"

"పర్లేదండి అని ఉంటారండి."

ఆయన చెప్పులేసుకుంటూ నా భుజం తట్టి వెళ్లారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన చెవికి అందనిది నాకూ ఇరవై ఏళ్లు అందలేదు.

క్లినిక్ మూసేసే నెలలో కోటమ్మ వచ్చింది. ఇప్పుడు చేలోకి దిగదు, గట్టు మీద చెప్పులతో నిలబడి నారుకట్టలు అందిస్తుంది. తనతోపాటు పనికొచ్చే ఒకామెని వెంటబెట్టుకొచ్చింది. వీపు మీద గడ్డ, రెండేళ్లుగా భయంతో దాచుకుందట. నేను లోపల చేతులు కడుక్కుంటుంటే బయట బల్ల మీద వాళ్ల మాటలు వినిపించాయి.

"చీమ కుట్టినట్టు ఉంటదంట కదా అక్కా?"

"చీమా లేదు, దోమా లేదు. సూది గుచ్చినట్టే ఉంటది. నొప్పనిపిస్తే చెయ్యెత్తు, ఆగుద్ది."

ఆమె వచ్చి బోర్లా పడుకుంది. గడ్డ చుట్టూ తుడిచి, సూది దగ్గరికి తెచ్చాను. తాకకముందే చెయ్యెత్తింది. ఆపాను. మంచం చివర ఆమె కాలివేళ్లు బిగుసుకుని ఉన్నాయి. తల పక్కకి తిప్పి కోటమ్మ వైపు చూసింది.

"చెప్పానా" అంది కోటమ్మ స్టూలు మీద నుంచి.

ఆమె చెయ్యి దించింది. నేను వేళ్లు వదులయ్యేదాకా ఆగి, అప్పుడు మొదలుపెట్టాను.